స్థూపం కూలితే శంకువు: బహ్రెయిన్ సమాధి దిబ్బల కొలత

బహ్రెయిన్ ద్వీపంలో ఆలీ అనే ఊరి చుట్టుపక్కల బూడిద రంగు దిబ్బలు వేల సంఖ్యలో ఉన్నాయి. దూరం నుంచి చూస్తే నూర్పిడి అయ్యాక కళ్ళంలో వరసగా పోసిన ధాన్యం రాశుల్లా ఉంటాయి. నడిమి భాగం ఎత్తు, అంచులకు వాలు, కింద గుండ్రటి పాదు. ఎవరు చూసినా శంకువు ఆకారం అనే చెబుతారు. కట్టినప్పుడు మాత్రం వీటిలో ఒక్కటీ శంకువు కాదు. క్రీ.పూ. 2200 నుంచి 1750 వరకు, అప్పట్లో దిల్మున్ అనే ఈ ద్వీపపు ప్రజలు తమ వాళ్ళను పూడ్చిపెట్టి, పైన పొట్టి గుండ్రటి బురుజులు కట్టారు. అంటే స్థూపాలు. నాలుగు వేల ఏళ్ళలో అవి కూలి, జారి, రాశులయ్యాయి. స్థూపానికీ శంకువుకీ మధ్య ఘనపరిమాణాల లెక్క బడిపిల్లలు పుస్తకంలో చేసేదే. ఆ లెక్కను నేలమీద ఇన్ని వేలసార్లు చూపించే చోటు ప్రపంచంలో మరొకటి దొరకడం కష్టం.

తెలుగులో ఈ సంగతి చెప్పడానికి ఒక సౌకర్యం ఉంది. గణితంలో గుండ్రటి స్తంభాకారాన్ని స్థూపం అంటారు. అమరావతిలో బుద్ధుడి ధాతువులపై కట్టినదీ స్థూపమే. అక్కడ కూడా కింద గుండ్రటి వేదిక, దాని మీద అండం ఉండేవి. 1797లో కాలిన్ మెకంజీ వెళ్ళి చూసేసరికి అది ఊరివాళ్ళు దీపాలదిన్నె అని పిలిచే ఒక మట్టి దిబ్బ. కట్టడం దిబ్బ అయ్యాక కట్టినవాళ్ళ ఉద్దేశం కంటికి ఆనదు. దానిమీద రాళ్ళు ఏరుకునేవాళ్ళకు అది రాళ్ళ కుప్ప మాత్రమే. తెలంగాణ పల్లెల్లో ఇనుప యుగపు సమాధులను రాకాసి గుళ్ళు అంటారు. మనుషులు కట్టారన్న జ్ఞాపకం పోయి, రాకాసులు కట్టారన్న కథ మిగిలింది. బహ్రెయిన్ దిబ్బలకు పట్టిన గతి కూడా అలాంటిదే.

ఒక మామూలు దిల్మున్ సమాధి కట్టిన తీరు ఇలా ఉంటుంది. ద్వీపం ఉత్తర తీరంలో ఊటలు, ఖర్జూర తోటలు, సాగునేల ఉండేవి. ఆ నేలను చావుకు ఇవ్వలేదు. దానికి దక్షిణంగా, పడమరగా పైకి లేచే సున్నపురాతి మెట్టమీద, ఏమీ పండని చోట సమాధులు కట్టారు. ముందు రాతి పలకలూ ముక్కలూ పేర్చి పొడవాటి గది కట్టేవారు. గది ఈశాన్యపు కొసన గోడలో ఒకటో రెండో గూళ్ళు ఉండేవి. రెండు గూళ్ళుంటే పైనుంచి చూసినప్పుడు గది ఇంగ్లీషు హెచ్ అక్షరంలా కనిపిస్తుంది. శవాన్ని కుడిపక్కకు తిప్పి, మోకాళ్ళు ముడిచి, చేతులు ముఖం దగ్గరకు చేర్చి, నిద్రపోతున్నట్టు పడుకోబెట్టేవారు. పక్కన ఒక కుండ, కొన్నిచోట్ల గొర్రె ఎముకలు, కొన్నిచోట్ల ఒక రాతి ముద్ర. గది మీద పెద్ద పలకలు అడ్డంగా పరిచేవారు. తర్వాత గది చుట్టూ కొంత దూరం వదిలి చెక్కని సున్నపురాళ్ళతో గుండ్రటి గోడ లేపి, గోడకూ గదికీ మధ్య మట్టీ గులకా నింపేవారు. గోడ ఎత్తుకి నింపుడు చేరాక బయటివాళ్ళకు కనిపించేది నిటారైన అంచుతో ఉన్న ఒక రాతి బురుజు.

కూలడం ఆ గోడ దగ్గరే మొదలవుతుంది. లోపలి గులక ఎప్పుడూ బయటకు తోస్తూనే ఉంటుంది. ఏడాదికి వంద మిల్లీమీటర్లు కూడా పడని వానే అయినా, పడిన రోజు మట్టిలోకి దిగి బరువు పెంచుతుంది. వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి సన్నటి ఇసుకను తవ్వి పట్టుకుపోతుంది. పై వరస రాయి ఒకటి జారితే దాని వెనుక గులక జారుతుంది. జారింది గోడ కాళ్ళ దగ్గరే పడుతుంది. అలా పడిపడి చివరికి ఆ శిథిలమే కింది వరసలకు ఆసరాగా నిలుస్తుంది. అందుకే పైన ఎంత కూలినా దిబ్బ లోపల గోడ అడుగు వరసలు ఇప్పటికీ నిటారుగా దొరుకుతాయి. ఈ సంగతి మీదే లెక్కంతా ఆధారపడి ఉంది.

ఒకే పాదు, ఒకే ఎత్తు ఉన్న స్థూపంలో శంకువు మూడోవంతు. మూడు శంకువుల నిండా ధాన్యం పోస్తే ఒక స్థూపం నిండుతుంది. దీన్నే తిరగేసి చూస్తే: స్థూపం కూలి, ఎత్తు తగ్గకుండా, పదార్థం పోకుండా శంకువు కావాలంటే పాదు వైశాల్యం మూడింతలు కావాలి. అంటే వ్యాసార్ధం మూడు వర్గమూలం రెట్లు, దాదాపు 1.73 రెట్లు పెరగాలి. ఉదాహరణకు 4 మీటర్ల వ్యాసార్ధం, 2 మీటర్ల ఎత్తు ఉన్న బురుజును తీసుకుంటే దాని ఘనపరిమాణం సుమారు 100 ఘనపు మీటర్లు. అది పూర్తి శంకువుగా మారితే అంచు మధ్య నుంచి దాదాపు 7 మీటర్ల దూరం జరగాలి, వాలు 16 డిగ్రీలే ఉండాలి. గులక అంత పలచగా పరుచుకోదు. 30 డిగ్రీలకు అటూ ఇటూ వాలు రాగానే ఆగిపోతుంది. కాబట్టి మధ్యలో గది ఉన్న భాగం అలాగే నిలిచి, అంచులు మాత్రమే జారతాయి. వచ్చేది తల నరికిన శంకువు. పైన చిన్న చదును, చుట్టూ వాలు. 30 డిగ్రీల వాలుతో లెక్క వేస్తే పైచదును వ్యాసార్ధం 2.1 మీటర్లు, పాదు వ్యాసార్ధం 5.6 మీటర్లు వస్తాయి. 8 మీటర్ల వెడల్పు బురుజు 11 మీటర్ల దిబ్బ అయింది. తర్వాతి గాలివానలు పైచదును అంచులను కూడా గుండ్రం చేసేస్తాయి.

ఆ దిబ్బను చూసినవాడు దాన్ని శంకువే అనుకుని కొలిస్తే 5.6 మీటర్ల వ్యాసార్ధానికి, 2 మీటర్ల ఎత్తుకి 66 ఘనపు మీటర్లు లెక్క తేలుతుంది. తవ్వినప్పుడు లోపల 4 మీటర్ల వ్యాసార్ధంలో వలయం గోడ దొరికిందనుకుందాం. 66ను ఆ వలయం వైశాల్యంతో, అంటే 50తో భాగిస్తే బురుజు ఎత్తు 1.3 మీటర్లని చెబుతాడు. అసలు ఎత్తు 2 మీటర్లు. ఆకారాన్ని తప్పు పోల్చుకున్నందుకు మూడోవంతు ఎత్తు పోయింది. తల నరికిన శంకువుగా కొలిస్తే 100 వచ్చి, ఎత్తు సరిగ్గా 2 మీటర్లకు తేలుతుంది. నిజమైన దిబ్బలో ఇంకో రెండు చిక్కులున్నాయి. వరసగా పేర్చిన రాయి కింద పడ్డాక మధ్యలో సందులు పెరిగి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గాలి సన్నటి మట్టిని ఎత్తుకుపోయి చోటు తగ్గిస్తుంది. ఒకటి ఎక్కువ చూపితే ఇంకొకటి తక్కువ చూపుతుంది. అందుకే తవ్వకందార్లు ఘనపరిమాణంతో పాటు గోడ బయట పడిన రాళ్ళను విడిగా లెక్కపెడతారు, ఆ రాళ్ళతో ఎన్ని వరసలు లేస్తాయో చూస్తారు.

ఈ దిబ్బల లోపలి ఆకారం బయటపడటానికి చాలా కాలం పట్టింది. 1879లో బ్రిటిష్ అధికారి కెప్టెన్ డురాండ్ ఆలీలో ఒక పెద్ద దిబ్బను తవ్వించాడు. బిలాద్ అల్-ఖదీమ్‌లో ఒక మసీదులో పొదిగి ఉన్న నల్లరాతి మీద క్యూనిఫారం రాతను కూడా ఆయనే గుర్తించాడు. అందులో రిముమ్ అనే వ్యక్తి భవనం ప్రస్తావన ఉంది. ఆ రాతను చదివిన హెన్రీ రాలిన్‌సన్, మెసొపొటేమియా పలకల్లో తరచూ వచ్చే దిల్మున్ ఈ ద్వీపమేనని వాదించాడు. 1889లో థియొడోర్ బెంట్, ఆయన భార్య మేబెల్ ఆలీలో తవ్వారు. ఒకదాని మీద ఒకటిగా ఉన్న రెండు అంతస్తుల రాతి గదులు వాళ్ళకు కనిపించాయి. 1906 నుంచి 1908 వరకు పొలిటికల్ ఏజెంటు ప్రిడో మరికొన్ని పెద్ద దిబ్బలను తెరిచాడు. ఆయన నివేదిక భారత పురావస్తు శాఖ వార్షిక సంపుటంలో 1912లో అచ్చయింది. ఆ రోజుల్లో గల్ఫ్ పాలన వ్యవహారాలు ఇండియా ప్రభుత్వం చేతిలో ఉండేవి కాబట్టి, బహ్రెయిన్ సమాధుల మొదటి పెద్ద వివరణ కలకత్తాలో వెలువడింది.

1925లో ఎర్నెస్ట్ మకే వచ్చాడు. కొద్దికాలానికే మొహెంజొదారో తవ్వకాలకు నాయకత్వం వహించినవాడు ఈయనే. ముప్ఫైకి పైగా దిబ్బలు తవ్వి, గదులను జాగ్రత్తగా గీసి, చివరికి ఒక పొరపాటు తీర్మానానికి వచ్చాడు: ఇంత చిన్న ద్వీపంలో ఇన్ని సమాధులకు సరిపడా మనుషులు ఉండే వీలు లేదు, అరేబియా నుంచి శవాలను తెచ్చి ఇక్కడ పూడ్చి ఉంటారు అని. 1953 చివర్లో డెన్మార్క్ నుంచి పి. వి. గ్లోబ్, జెఫ్రీ బిబీ వచ్చి తవ్వకాలు మొదలుపెట్టాకే ఆ మాట నిలవలేదని తేలింది. ఖల్అత్ అల్-బహ్రెయిన్ దిబ్బ కింద ఊళ్ళు, బార్బార్‌లో గుడి బయటపడ్డాయి. చనిపోయినవాళ్ళు బతికిన చోటు దొరికింది.

1970ల చివర్లో, 1980ల్లో సార్ అనే ఊరి దగ్గరా, కొత్తగా కడుతున్న హమద్ టౌన్ దగ్గరా జరిగిన తవ్వకాలు వేరే రకం. రోడ్లు, ఇళ్ళు రాబోతున్నాయి కాబట్టి ఉన్నవాటిని త్వరగా తవ్వి నమోదు చేయాల్సి వచ్చింది. భారత పురావస్తు శాఖకు చెందిన కె. ఎం. శ్రీవాస్తవ బృందం 1984–85లో హమద్ టౌన్‌లో పనిచేసింది. నడిమి గది ఒక్కటి తెరిచి వెళ్ళిపోయే పాత పద్ధతి స్థానంలో, విశాలమైన చోట్ల మట్టినంతా తీసేసి నేల వరకు దిగడం జరిగింది. అప్పుడు కనిపించినవి వలయాలు. పైన రాశులుగా ఉన్నవన్నీ కింద చక్కటి గుండ్రటి గోడలు. సార్‌లో ఒకచోట ఆ వలయాలు ఒకదానికొకటి ఆనుకుని తేనెపట్టు గదుల్లా అల్లుకుపోయాయి. పెద్ద వలయం గోడను ఆసరా చేసుకుని అర్ధవలయాలు, వాటిని ఆనుకుని మరికొన్ని. కొన్నిచోట్ల ఈ అర్ధవలయాల్లో పిల్లల ఎముకలున్నాయి. పెద్దవాళ్ళ బురుజు పక్కన పిల్లవాడికి సగం బురుజు కట్టి చేర్చినట్టు. కూలినప్పుడు ఇవన్నీ కలిసిపోయి ఒకే దిబ్బ అయ్యాయి కనుక, బయటి నుంచి శంకువులను లెక్కపెట్టినవాడికి ఆ పిల్లలు లెక్కలోకే రారు.

ఈ బురుజులు కట్టిన కాలంలోనే చుట్టుపక్కల దేశాల్లో ఘనపరిమాణాల లెక్కలు రాతలోకి వచ్చాయి. దిల్మున్‌తో రాగి వ్యాపారం చేసిన ఉర్ అనే మెసొపొటేమియా నగరంలోనూ, దాని ఇరుగుపొరుగు ఊళ్ళలోనూ లేఖకులు కాలవలు, గోడలు, ఇటుకల కుప్పలు కొలిచి కూలీల దినాలు కట్టేవారు. స్థూపానికి వాళ్ళ సూత్రం: చుట్టుకొలతను దానితోనే గుణించి, పన్నెండుతో భాగించి, ఎత్తుతో గుణించాలి. వలయపు చుట్టుకొలత వ్యాసానికి మూడింతలని తీసుకోవడం వల్ల ఈ పన్నెండు వచ్చింది. మట్టి తవ్వే కూలీకి రోజుకి సుమారు 3 ఘనపు మీటర్లు అని ఒక ప్రామాణికం కూడా వాళ్ళ దగ్గర ఉండేది. ఆ ప్రామాణికాన్ని ఆలీ పక్కన పెట్టి చూడవచ్చు. అక్కడి పెద్ద దిబ్బల స్థాయిలో 40 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు ఉన్న బురుజును ఊహించుకుంటే, చుట్టుకొలత 120 మీటర్లు. బాబిలోన్ లేఖకుడి లెక్కలో 12,000 ఘనపు మీటర్లు. ఒక్క మట్టి తవ్వకానికే 4,000 కూలి దినాలు. అంటే వంద మందికి నలభై రోజులు. రాయి కొట్టడం, మొయ్యడం, పేర్చడం దీనికి అదనం. అదే కట్టడాన్ని అదే పాదు మీద శంకువుగా కట్టి ఉంటే పదమూడు, పద్నాలుగు రోజుల తవ్వకంతో తీరిపోయేది. దిల్మున్ వాళ్ళు ఎంచుకున్నది మూడింతల పని. నిటారు గోడకు అయ్యే ఖర్చు అది. పైగా ఎప్పటికో కూలిపోయే గోడ. రాజైనా మామూలు మనిషైనా, చనిపోయినవాడి చోటు నేల నుంచి నిటారుగా లేవాలన్న కోరిక ఆ ఖర్చును భరించింది.

తల నరికిన శంకువు దగ్గర మాత్రం బాబిలోన్ లెక్కలు తడబడ్డాయి. కొన్ని పలకల్లో పై వైశాల్యాన్నీ కింది వైశాల్యాన్నీ కూడి సగం చేసి ఎత్తుతో గుణించారు. పైన చెప్పిన 100 ఘనపు మీటర్ల దిబ్బకు ఆ పద్ధతి 113 చూపుతుంది. సరైన దారి ఈజిప్టులో దొరికింది. క్రీ.పూ. 1850 ప్రాంతానికి చెందిందిగా లెక్కించే మాస్కో పపైరస్ పద్నాలుగో లెక్కలో తల నరికిన పిరమిడ్ ఉంది. కింది భుజం 4, పై భుజం 2, ఎత్తు 6. నాలుగును నాలుగుతో, నాలుగును రెండుతో, రెండును రెండుతో గుణించి మూడూ కూడితే 28. దాన్ని ఎత్తులో మూడోవంతుతో, అంటే 2తో గుణిస్తే 56. ఖచ్చితమైన జవాబు. సగటు పద్ధతిలో అయితే 60 వచ్చేది. గుండ్రటి దిబ్బకూ ఇదే సూత్రం పనిచేస్తుంది, వలయపు నిష్పత్తి ఒక్కటి చేర్చుకోవాలి. ఆలీలో బురుజులు లేస్తున్న రోజుల్లోనే, అవి కూలాక ఏ ఆకారం వస్తుందో ఆ ఆకారాన్ని కొలిచే పద్ధతి నైలు ఒడ్డున ఒక లేఖకుడు రాసుకున్నాడు.

శంకువు స్థూపంలో మూడోవంతు అని సూటిగా చెప్పిన ఘనత గ్రీకులది. నిరూపణ యూడొక్సస్‌దనీ, నిరూపణ లేకుండా ముందు ఆ మాట అన్న డెమొక్రిటస్‌కూ తక్కువ వాటా ఇవ్వకూడదనీ ఆర్కిమిడీస్ రాశాడు. యూక్లిడ్ పన్నెండో పుస్తకంలో ఆ నిరూపణ ఉంది. ఆర్కిమిడీస్ ఈ మాట రాసిన గ్రంథం చాలాకాలం కనిపించలేదు. ప్రార్థనల పుస్తకం కోసం గీకేసిన తోలు పత్రాల అడుగున, డెన్మార్క్ పండితుడు హైబర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో దాన్ని పోల్చుకున్నది 1906లో. ప్రిడో ఆలీలో తవ్వకం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. ఒకచోట కొత్త రాత కింద పాత రాత, ఇంకొకచోట శంకువు కింద పాత స్థూపం. రెండూ పైపొర తీస్తేనే తేలాయి.

భారతదేశంలో ఈ లెక్క కళ్ళంలోంచి వచ్చింది. ఆర్యభటుడు పిరమిడ్ ఘనపరిమాణాన్ని సగం అని పొరబడ్డాడు. 628లో బ్రహ్మగుప్తుడు సూదిమొన ఆకారానికి సమఖాతంలో మూడోవంతు అని సరిగా చెప్పాడు. ఆ తర్వాత ఖాత వ్యవహారం, రాశి వ్యవహారం గణిత గ్రంథాల్లో విడి అధ్యాయాలుగా స్థిరపడ్డాయి. ఖాతం అంటే తవ్విన గొయ్యి, రాశి అంటే పోసిన కుప్ప. 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతిలో రాశిని కొలిచే పద్ధతి రైతుకు పనికొచ్చేలా ఉంటుంది. కుప్ప నడిమి ఎత్తు కొలవడానికి ధాన్యంలో కర్ర గుచ్చనక్కర్లేదు. చుట్టూ తాడు వేసి చుట్టుకొలత చూస్తే చాలు. నూగున్న వడ్ల వంటి ధాన్యానికి ఎత్తు చుట్టుకొలతలో తొమ్మిదోవంతు, ముతక గింజలకు పదోవంతు, సన్న గింజలకు పదకొండోవంతు. చుట్టుకొలతలో ఆరోవంతును దానితోనే గుణించి ఎత్తుతో గుణిస్తే ఘనపరిమాణం. 18 మూరల చుట్టుకొలత ఉన్న వడ్ల రాశికి ఎత్తు 2 మూరలు, ఆరోవంతు 3 మూరలు, మూడు మూళ్ళు తొమ్మిది, రెళ్ళు పద్దెనిమిది ఘనపు మూరలు.

ఈ మూడు భిన్నాలనూ వాలుగా మార్చి చూస్తే వడ్లకు 35 డిగ్రీలు, ముతక గింజలకు 32, సన్న గింజలకు 30కి కాస్త తక్కువ వస్తాయి. ఏ గింజ ఏ వాలు దగ్గర జారడం ఆపుతుందో కళ్ళంలో చూసి చూసి పట్టుకున్న అంకెలవి. నూగు ఒకదానికొకటి పట్టుకుంటుంది కాబట్టి వడ్లు నిలువుగా నిలుస్తాయి, నున్నటి సన్న గింజ పలచగా పరుచుకుంటుంది. బహ్రెయిన్ గులక జారి ఆగేదీ ఈ డిగ్రీల సరిహద్దుల్లోనే. మరొక చక్కటి సంగతి: బాబిలోన్ స్థూపానికి చుట్టుకొలత వర్గంలో పన్నెండోవంతు, భారతీయ రాశికి ముప్పై ఆరోవంతు. పన్నెండు మూళ్ళు ముప్పై ఆరు. ఇద్దరూ వలయపు నిష్పత్తిని మూడుగా తీసుకున్నారు, ఇద్దరికీ దాదాపు 5 శాతం ఎక్కువ వస్తుంది. కానీ స్థూపాన్నీ శంకువునూ పోల్చేటప్పుడు ఆ తప్పు రెండువైపులా సమానంగా ఉండి కొట్టుకుపోతుంది. మిగిలేది ఖచ్చితంగా మూడుకు ఒకటి. ఇద్దరి మధ్య రెండు వేల ఏళ్ళకు పైగా దూరం ఉంది.

రాశి వ్యవహారంలోనే గోడకు ఆనించి పోసిన కుప్ప సగం, మూలలో పోసింది పావు, గోడ బయటి మూలను చుట్టి పోసింది ముప్పావు అని కూడా ఉంది. కొలిచిన చుట్టుకొలతను అందుకు తగినట్టు పెంచి, లెక్క చేసి, మళ్ళీ తగ్గించాలి. సార్‌లో పెద్ద గోడలకు ఆనుకున్న అర్ధవలయాలకు ఈ లెక్క దాదాపుగా సరిపోతుంది. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన నుంచి నిన్నమొన్నటి కరణాల దాకా మన పల్లెల్లో గణితం ఈ దారిలోనే నడిచింది. కుంచం స్థూపం, కుంచం మీద పొంగిన తల శంకువు. తల కొట్టి కొలవాలా, తల ఉంచి కొలవాలా అన్న తగవు కౌలు పంచుకునే ప్రతిచోటా రైతు ఇంటి గింజల మీద పడేది.

దిబ్బల ఆకారం లెక్కలు మార్చినట్టే వాటి సంఖ్య కూడా చాలాసార్లు మారింది. బిబీ లక్ష అన్నాడు. 1980ల్లో కర్టిస్ లార్సెన్ అంచనా లక్షన్నర దాటింది. డెన్మార్క్, బహ్రెయిన్ కలిసి 2006లో మొదలుపెట్టిన సమాధి దిబ్బల పరిశోధనలో స్టెఫెన్ లౌర్సెన్, ఫ్లెమింగ్ హోయ్‌లుండ్ పాత విమాన ఛాయాచిత్రాల మీద దిబ్బలను ఒక్కొక్కటిగా గుర్తించి, మొత్తం 75,000 ప్రాంతంలో ఉంటాయని తేల్చారు. 450 ఏళ్ళకు పంచితే ఏడాదికి 167 చావులు. వెయ్యి మందికి ఏడాదికి ముప్ఫై, నలభై మంది పోయే కాలమనుకుంటే ద్వీపంలో నాలుగైదు వేల మంది ఉంటే చాలు. సమాధి దొరకని పిల్లలను కలుపుకున్నా మకే భయపడినంత జనం అక్కర్లేదు. బయటి నుంచి శవాలను తేవాల్సిన పనీ లేదు.

మొత్తం శ్రమ ఎంత అన్న ప్రశ్నకు స్థూపం, శంకువు తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. ఎక్కువ దిబ్బలు నాలుగున్నర నుంచి తొమ్మిది మీటర్ల వెడల్పు, ఒకటి నుంచి రెండు మీటర్ల ఎత్తు ఉంటాయి. నడిమి కొలతగా 7 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు ఎత్తు తీసుకుందాం. స్థూపంగా లెక్కిస్తే ఒక్కోటి 58 ఘనపు మీటర్లు, 75,000కి 43 లక్షల ఘనపు మీటర్లు. శంకువుగా లెక్కిస్తే ఒక్కోటి 19, మొత్తం 14 లక్షలు. గీజాలో ఖుఫు పిరమిడ్ కట్టినప్పటి ఘనపరిమాణం సుమారు 26 లక్షల ఘనపు మీటర్లు. ఒక లెక్కలో బహ్రెయిన్ సమాధులన్నీ కలిపి ఆ పిరమిడ్‌లో సగం కాస్త దాటతాయి, ఇంకో లెక్కలో దానికి ఒకటిన్నర రెట్లు మించుతాయి. నిజం ఈ రెండు హద్దుల మధ్య ఉంటుంది, ఎందుకంటే ఇప్పటి వెడల్పులో కూలిన అంచు కూడా కలిసి ఉంది. ఏ హద్దుకు దగ్గరైనా ఇది ఒక్క రాజు కోసం కట్టింది కాదు. ఇంటింటివాళ్ళు తమ ఇంట్లో పోయినవాళ్ళకు కట్టుకున్నది. ఈ లెక్క చేసినప్పుడు పిరమిడ్ కన్నా ఈ దిబ్బలే పెద్దవిగా అనిపించడానికి ఘనపు మీటర్లు ఒక్కటే కారణం కాదు.

రాజుల సమాధులు కూడా ఉన్నాయి, ఆలీ ఊరి నడుమనే. ఇళ్ళ మధ్య, వీధుల చివర పది మీటర్లు దాటిన దిబ్బలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఎనిమిదో నంబరు రాజ సమాధి తవ్వకంలో దొరికిన రాతి పాత్రల ముక్కల మీద రిముమ్ కుమారుడు యగ్లి-ఎల్ పేరు చదివారు. డురాండ్ 1879లో చూసిన నల్లరాతి మీది రిముమ్ నూట ముప్ఫై ఏళ్ళు దాటాక మళ్ళీ కనిపించాడు, ఈసారి కొడుకుతో పాటు. ఈ పెద్ద బురుజుల పక్కల్లోనే ఆలీ కుమ్మరులు చాలాకాలం తమ బట్టీలు తవ్వుకున్నారు. నిటారు గోడ కూలి ఏర్పడిన మెత్తటి వాలు, వేడి బయటకు పోనివ్వని మందపాటి మట్టి, కుండలు కాల్చడానికి అనువైన చోటు. మరికొన్ని దిబ్బలు రోడ్ల కిందికీ ఇళ్ళ పునాదుల కిందికీ పోయాయి.

2019లో బాకులో జరిగిన సమావేశంలో యునెస్కో ఈ సమాధులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 21 చోట్లలో 11,774 దిబ్బలు అందులో ఉన్నాయి. ఆరు చోట్ల డజన్ల నుంచి వేల వరకు దిబ్బలున్న సమూహాలు, మిగతా పదిహేను చోట్లలో 17 రాజ సమాధులు. జాబితాలోని వర్ణనలో మామూలు సమాధులను మొదట పొట్టి స్థూపాకారపు బురుజులుగా కట్టినవనీ, రాజ సమాధులను రెండంతస్తుల బురుజులనీ రాశారు.